హాస్యభయానకముల సాంగత్యము: ఒక కొరియా చలనచిత్ర విమర్శనము

హాస్యరసమునకు భయానకకరుణములు విరోధు లని సాహిత్యదర్పణకారుఁడగు విశ్వనాథుఁడు విధించెను. ఈ విధి మన పాఠశాలలలో నలంకారశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని గంఠస్థము. కావుననే యొక కృతియందు భయమును, నవ్వును, దల్లిచావును నొక్కచోటఁ గూడియున్న వని యెవ్వరైనఁ జెప్పినతోడనే మన పండితులలోఁ బెక్కండ్రు "అట్లైన నది రసదుష్టము" అని కృతిని జూడకయే తీర్పు చెప్పుదురు. తీర్పు చెప్పుటకు శాస్త్రమునం దొక్క వాక్యము చాలును. ఆ వాక్య మే యవధితోఁ జెప్పఁబడినదో యెఱుఁగుటకు శాస్త్రమంతయుఁ గావలయును, లక్ష్యమును గావలయును. అట్టి లక్ష్య మొక్కటి కొరియాదేశపు చలనచిత్రములలో నాకుఁ గనఁబడినది. దానిని మన శాస్త్రముతోఁ బరీక్షించి, చిత్రమునకుఁ దగిన స్థానమేదో, శాస్త్రవిధికిఁ దగిన యర్థమేదో నిర్ణయించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఆ చిత్రము 2014వ సంవత్సరము మేనెలలో దక్షిణకొరియాయందు విడుదలయ్యెను. కథకుఁడును దర్శకుఁడును గిమ్ సియోంగ్‌హున్. ఆ నెలలోనే ఫ్రాన్సుదేశపు కాన్ నగరమున జరుగు చలనచిత్రోత్సవమునందు దర్శకుల పక్షమను విభాగమున నిది ప్రదర్శింపఁబడెను. ఇందు నాయకపాత్రము ధరించినవాఁడు లీ సన్‌గ్యున్. ప్రతినాయకపాత్రము ధరించినవాఁడు చో జిన్‌ఉంగ్. 2015లో నా దేశమునఁ బేరువడిన బెక్‌సాంగ్ కళాపురస్కారములలో నుత్తమదర్శకపురస్కారము కిమ్ సియోంగ్‌హున్‌కు లభించెను. ఉత్తమనటపురస్కారము నాయకప్రతినాయకుల నిద్దఱను విడఁదీయక కలిపి యీయఁబడెను. ఈ తుదివిషయమును జదువరులు మఱువకుందురు గాక. ముందు దీనితోఁ బని కలదు. లీ సన్‌గ్యున్ పిదప 2019లోఁ బ్రపంచఖ్యాతి వహించిన 'పారసైట్' చిత్రమున ధనికగృహస్థుని పాత్రము ధరించి, 2023 డిసెంబరులో మరణించెను.

కథాసంగ్రహ మిది. గో గన్‌సూ హత్యాపరాధములను శోధించు పోలీసు శాఖలో నొక పరిశోధకుఁడు. తల్లి మరణించినది, అంత్యక్రియలకుఁ గర్త యతఁడే. ఆ రాత్రియే, అతఁడును దోడివారును గైకొన్న లంచములను గూర్చి పైయధికారులు విచారించుటకై కార్యాలయమునకు వచ్చుచున్నా రని తోడివారు టెలిఫోనులోఁ దొందరపెట్టుచున్నారు. కారు నడుపుచున్న యతనికి నడిరోడ్డున నొక మనుష్యుఁ డడ్డుపడి, కారు తగిలి కూలెను. చూడఁగాఁ బ్రాణము లేదు. గన్‌సూ యా శవమును గారు వెనుకపెట్టెలో దాఁచెను. త్రోవలోఁ ద్రాగి నడుపువారిని బరీక్షించు పోలీసుల చేతఁ జిక్కి, పెనఁగులాడి యెట్లో బయటఁబడెను. తుదకాశవమును దన తల్లి శవపేటికలోనే దాఁచి, తల్లితోఁగూడ భూమిలోఁ బెట్టించెను. తరువాతఁ గార్యాలయమునకు రాఁగా, తాను దాఁచిన మనుష్యుఁడు పోలీసులు వెదకుచున్న నేరగాఁ డని తెలిసెను. అతని జాడ తీయు పని తన బృందముననే పడెను. ఇంతలో నెవ్వఁడో టెలిఫోనులో "నీవు చేసినది నే నెఱుఁగుదును, ఆ శవము నాకుఁ గావలయును" అని బెదరింప నారంభించెను. ఆ యెవ్వఁడో మఱియెవ్వఁడు గాఁడు, పాక్ చాంగ్‌మిన్ అను మఱియొక పోలీసు అధికారి. ఇక నిద్దఱకును బెనుఁగులాట. ఇట్లు శంకితుఁడే శోధకుఁడు, శోధకుఁడే శంకితుఁడు.

ముందుగాఁ జిత్రనామమును విచారింతము. వైయాకరణున కది విధి. ఇంగ్లీషున దీనికిఁ 'గఠినదినము' అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ పేరు చప్పనిది. కొరియాభాషలోఁ 'క్కుత్‌క్కాజి గన్‌దా' అని పేరు. ఆ భాషయును మన తెలుఁగువలెఁ గ్రియను వాక్యాంతమున నిలుపును. విభక్త్యర్థములను బదమునకుఁ దరువాతఁ జేర్చును. కర్తృపదమును వలసినప్పుడు విడిచిపెట్టును. 'క్కుత్' అనఁగా నంతము. 'క్కాజి' అనఁగా వఱకు. 'గన్‌దా' అనఁగాఁ బోవుచున్నాఁడు, పోవుచున్నది, పోవుచున్నాను అను నర్థము లన్నింటికిని జాలిన క్రియ. ఆ క్రియయందుఁ బురుషభేదము లేదు, వచనభేదము లేదు, లింగభేదము లేదు. "అంతము వఱకుఁ బోవును" అని తెనిఁగింపవచ్చును. కాని తెనిఁగించునప్పుడే మనము నష్టపడుదుము, ఏలయన మన క్రియకుఁ బురుషము నంటఁగట్టక తప్పదు. మూలమునఁ గర్త లేఁడు. ఎవ్వఁడు పోవును? పరిశోధకుఁడా, వానిని దఱుము శత్రువా, పాతిపెట్టఁబడియు నూరకుండని యా శవమా? అధ్యాహారమునకు మూఁడును దగును. కర్తృపదము లేని పేరు పెట్టుట యీ కథకు భూషణము. కథయంతయుఁ గర్త యెవఁడను ప్రశ్నయే కనుక.

మఱియు 'వఱకు' అను పదమున నొక సందేహము మన శాస్త్రమునఁ బ్రసిద్ధము. అవధిని జెప్పునప్పుడు, ఆ యవధి లోపలిదా, వెలుపలిదా? వెలుపల నుండినచో మర్యాద. లోపలఁ జేరినచో నభివిధి. పాణిని యీ రెండర్థములను నొక్క యుపసర్గమునకే చెప్పి భేదమును బ్రయోక్తకు విడిచెను. "అంతము వఱకు" అన్నచో నతఁడు చేరునది యంతమా, అంతమునకు ముందరి గడపయా? ఈ ప్రశ్నకుఁ జిత్రము తుదిదృశ్యమున నుత్తర మిచ్చును. దానిని గడపటఁ జూతము.

ఇఁక నవ్వు సంగతి. ఈ చిత్రమున విదూషకుఁడు లేఁడు. నాయకుఁ డెన్నఁడును నవ్వఁడు. హాస్యోక్తి యనఁదగిన మాట మిక్కిలి యరుదు. అయినను జూచువారు నవ్వుదురు. నవ్వి, నవ్వినందులకు సిగ్గుపడుదురు. ఈ నవ్వునకు విభావమేది?

శవపేటికాదృశ్యమును దలంచుకొందము. తల్లి శవమున్న గదిలోనికి మూసియున్న తలుపునుండి పోవ వీలులేదు. పైకప్పులోఁ గాలి పాఱుటకై నిర్మించిన యొక యినుప నాళము కలదు. గన్‌సూ తన చిన్నకూఁతు బొమ్మను, ప్రాఁకుచు మధ్యమధ్యఁ దుపాకి పేల్చుచుఁ బోవు సైనికుని బొమ్మను, ఆ నాళములోఁ బంపి, దానికిఁ గట్టిన త్రాటితో శవమును లోపలకు లాఁగును. గదిలోని నిఘాకెమేరాకు బుడగలు అడ్డుపెట్టును. బొమ్మసైనికుఁడు నిదానముగాఁ బ్రాఁకును. కొంచెము దూరము పోయి యాఁగి తుపాకి పేల్చును. ఆ చప్పుడు నాళములోఁ బ్రతిధ్వనించును. నాయకున కొక్కొక్క క్షణము ప్రాణాంతకము. బొమ్మకుఁ దొందర లేదు. తుదకుఁ దల్లి పేటిక మూఁత తెఱచి, తల్లిపైఁ బరుని శవము నుంచి, మూఁత బిగించును. అప్పుడు పేటికలో మృతుని జేబులోని సెల్‌ఫోను మ్రోఁగును.

ఈ దృశ్యమున నవ్వు పుట్టించు వస్తువేదో భయము పుట్టించు వస్తువు నదియే. బొమ్మ యాలస్యము నవ్వు. ఆ యాలస్యమే భయము. ఫోను మ్రోఁత నవ్వు. ఆ మ్రోఁతయే భయము. బొమ్మను దీసివైచి నాయకునిచేత శవమును నిరాటంకముగా లాఁగించి చూడుఁడు: నవ్వు పోవును, దానితో భయమును దగ్గును. ఏలయన నా క్షణములను సాగదీయునది బొమ్మయే. ఒక పాలు భయము, ఒక పాలు హాస్యము వంతులవారీగా వడ్డించు చిత్రములు లోకమునఁ గోకొల్లలు. వానియందు నవ్వు వచ్చినప్పుడెల్ల భయము తెగును, విశ్వనాథుఁడు చెప్పిన విరోధము వానికిఁ జక్కఁగా వర్తించును. ఈ చిత్రమున విభావ మొక్కటియే కావున నొకటి తెగుటకు వీలులేదు.

అయిన నీ విభావమునకు హాస్యజనకత్వ మెట్లు వచ్చినది? ఇచ్చట నభినవగుప్తుని వివరణము మనకు శరణ్యము. హాస్యము శృంగారాభాసమునుండి మాత్రమే పుట్టు నని యనుకొనరాదు. కరుణాదిరసముల యాభాసములన్నియు హాస్యమునకే దారితీయును. అనౌచిత్యముతోఁ బ్రవర్తించుటయే హాస్యవిభావము, అని యా మహానుభావుని సిద్ధాంతసారము. ఈ సిద్ధాంతమును మన పాఠశాలలలో నొక పంక్తిలో దాఁటివేయుదురు, లక్ష్యము చూపరు. దీనికిఁ గొరియాచిత్రముకంటె మంచి లక్ష్యమును నేఁ జూపఁజాలను.

ఏలయన నిచ్చటి యనౌచిత్య మెంతటిదో తెలియుటకుఁ గొరియావారి యాచారమును గొంత తెలియవలయును. ఆ దేశమున మాతృపితృభక్తి ధర్మములలో మొదటిది. సేజోంగు రాజు కాలమున, 1434లో, పుత్రధర్మమును గూర్చిన కథలను జిత్రములతోఁ జేర్చి, త్రివిధబంధముల గ్రంథ మొకటి ప్రకటింపించిరి. చదువురాని ప్రజలుకూడ బొమ్మలు చూచి నేర్చుకొనవలె నని దాని యుద్దేశము. ఈనాఁటికిని సాధారణముగా మూఁడుదినములు మృతునికడ నుపచారములు జరుపుదురు. పుత్రుఁడు ప్రధానశోకకర్తయై దుఃఖవస్త్రము ధరించి, పరామర్శకు వచ్చువారి నమస్కారములను గ్రహించుచు నుండవలయును. నేఁటి కాలమున నాసుపత్రులకుఁ జేరియున్న యంత్యక్రియాశాలలలో నిది జరుగును. అట్టి మూఁడుదినములలోఁ బుత్రుఁడు తల్లిప్రక్కను గూర్చుండక, తల్లి పేటికలోఁ బరునిఁ బరుండఁబెట్టుచున్నాఁడు. దుఃఖింపవలసినవాఁడు చెమటలు గ్రక్కుచున్నాఁడు. ఆ చెమటను జూచినవారు దుఃఖ మనుకొందురు. శోకమున కుండవలసిన యనుభావము లన్నియు నున్నవి. శోకము మాత్రము లేదు. కరుణాభాస మనఁగా నిదియే. ఈ నవ్వు విదూషకుని నవ్వు గాదు. ఆభాసము పుట్టించిన నవ్వు.

అయిన నొక యాక్షేపము మిగిలియున్నది. "తల్లియెడఁ బ్రేమ లేని కఠినునిఁ జూచి నవ్వుటలో రస మేమి?" అని. సమాధానము: అతనికిఁ బ్రేమ లేకపోలేదు. పేటిక మూఁత మరల బిగించుచు నతఁడు తల్లిని క్షమాపణ వేఁడును. శోకమునకుఁ జోటు లేకుండఁ బోయినదే కాని శోకస్థాయి నశింపలేదు. నశించినచో నది బీభత్స మయ్యెడిది. స్థాయి యుండియు దానికి గడియ యవకాశము దొరకకపోవుట నవ్వునకుఁ గారణము. ఆ నవ్వు చల్లారిన తరువాత మనస్సునఁ గలుక్కుమను నొప్పియు దానివలననే. భరతుఁడు చెప్పిన యాఱువిధముల హాసములలో నట్టహాసమునకుఁ జేరునది యొక్కటియు నిచ్చటఁ బుట్టదు; పెదవిమీఁదనే యాఁగు స్మితమును, గొంతుకలో నడఁగు హసితమును మాత్రమే. ఉత్తమపాత్రములకుఁ జెప్పిన హాసములు తుచ్ఛమైన పనినిఁ జూచునప్పుడు పుట్టుట విచిత్రమే, కాని యిచ్చట హాస్యమునకుఁ బాత్రము తెరమీఁది మనుష్యుఁడు గాఁడు, ప్రేక్షకుఁడు.

దీనివలన రసవిరోధప్రశ్నకును సమాధాన మేర్పడుచున్నది. విరుద్ధరసములఁ గూర్చుటకు ధ్వనికారుఁడు త్రోవలు చూపియే యున్నాఁడు: ఆశ్రయమును వేఱుచేయుట, నడుమ మఱియొక రసము నిలుపుట, ఒకదాని నింకొకదానికి నంగముఁ జేయుట. ఈ చిత్రము మొదటి త్రోవను దొక్కినట్లు పైకిఁ గనఁబడును: భయమునకు నాశ్రయము గన్‌సూ, హాసమునకు నాశ్రయము మనము. కాని యది చాలదు. మనము నవ్వుటయే కాక భయపడుచు నున్నాము గదా! కావున మూఁడవ త్రోవయే ప్రధానము. భయానక మంగి, హాస్య మంగము. అంగము తన్నుఁ దాను బోషించుకొనక యంగినిఁ బోషించుచున్నంత వఱకు విరోధము లేదు. బొమ్మ విషయమునఁ జూపితిని గదా, హాస్యమును దీసివైచిన భయానకము క్షీణించు నని. అంగత్వమునకు నింతకంటె వేఱు ప్రమాణ మక్కఱలేదు. కాఁబట్టి విశ్వనాథుని విధి యిచ్చట భంగపడలేదు. సమప్రాధాన్యమున నున్న రసములకు మాత్రమే యా విధి వర్తించు నని యీ లక్ష్యమువలన స్పష్టమగుచున్నది.

భయానకమే యంగి యని చెప్పితిని. ఆ భయానకస్వరూపమును గూడ శోధింపవలయును. భరతుఁడు దానిని మూఁడుతెఱఁగులుగా విభజించెను: వ్యాజమువలనఁ బుట్టునది, అపరాధమువలనఁ బుట్టునది, ఒరులు బెదరింపఁగాఁ బుట్టునది. కథను జూడుఁడు. మొదటిభాగమున గన్‌సూకు శత్రువు లేఁడు. అతనిని దఱుమునది యతని యపరాధమే. పరీక్షించు పోలీసులు నిర్దోషులు, బొమ్మ నిర్జీవము, ఫోను జడము. వీనిలో నేదియు నతనికిఁ గీడు తలఁపలేదు. అయినను బ్రతివస్తువు నతనికి వైరిగాఁ గనఁబడును. టెలిఫోనులో బెదరింపు వచ్చినది మొదలు రెండవ తెఱఁగు భయ మారంభించును. పాక్ చాంగ్‌మిన్ పోలీసు కార్యాలయమునకే తిన్నఁగా నడచివచ్చి, గన్‌సూ నచ్చటనే చావఁగొట్టి పోవును. వానికి దాఁగుకొనవలసిన యవసరమే లేదు. తరువాత గన్‌సూకు మిత్రుఁడగు పరిశోధకుఁడు చోయ్ కారులోఁ గూర్చుండియుండఁగాఁ బైనుండి యొక గొప్పబరువు పడి యాతనిఁ గారుతోఁగూడ నలిపివైచును. ఆ క్షణమున నవ్వు పూర్తిగా నాఁగిపోవును, ఆఁపుటయే యుచితము. తుదిభాగమున నాయకుఁడు లొంగినట్లు నటించి, శవమును శత్రువున కప్పగించుచు, దానిలోఁ బ్రేలుడుపదార్థము దాఁచును. ఇది వ్యాజభయము. దర్శకుఁడు నాట్యశాస్త్రమును జదివి యీ క్రమమును గూర్చెనని నే ననను. భయ మను భావము తనంతఁ దాను బోవు దారి యిది. భరతుఁడు దానిని గనిపెట్టెను, కిమ్ సియోంగ్‌హున్ దానిని నడచెను.

ఇఁకఁ గర్తృవిచారము. నేరమును శోధించుట యనఁగాఁ గర్తను నిర్ణయించుట. చచ్చినవాఁడు కలఁడు, చంపుట యను క్రియ కలదు, కర్త యెవ్వఁడు? సాధారణపరిశోధనకథలలోఁ గర్త కడపటి పుటలో వెల్లడియగును. ఇచ్చటఁ గర్త మొదటనే మనకుఁ దెలియును, శోధకుఁడే కర్త. కావునఁ దన్నుఁ దాను వెదకు పని యతనికిఁ బడినది. కారు తగిలిన స్థలమున నేలపై మిగిలిన గుర్తులను తోడివారు చూపుచుండఁగా, తాను తలయూఁపుచు నిలుచుండవలసి వచ్చును. వెదకుట యను క్రియకుఁ గర్తయుఁ గర్మయు నొక్కఁడే యగుట మన శాస్త్రమునం దెఱుఁగనిది కాదు. కాని యచ్చటఁ గర్త తాను గర్మ నని యెఱిఁగియే యుండును. గన్‌సూ యెఱిఁగియు నెఱుఁగనట్లు నటింపవలయును. అతని నటనలోని చిన్నచిన్న తడఁబాట్లే యీ భాగమున నవ్వునకు మూలము.

అంతలో నొక విశేషము. గన్‌సూ తల్లి పేటికను ద్రవ్వితీసి శవమును జూడఁగా, దాని దేహమునఁ దుపాకిగుండ్లు తగిలిన గాయములు గనఁబడును. ఆ మనుష్యుఁడు గుండుదెబ్బలు తిని పరుగెత్తుచుఁ గారున కడ్డుపడినాఁడు. అనఁగాఁ జంపుట యను క్రియకు స్వతంత్రకర్త వేఱొకఁడు. కారు కరణమో, నిమిత్తమాత్రమో. ఈ సమాచారమువలన గన్‌సూ నిర్దోషి యయ్యెనా? చాలమంది ప్రేక్షకు లయ్యె ననుకొని తేలికపడుదురు. కాని కథలోఁ గ్రియ లొక్కటి గాదు, రెండు: చంపుట యొకటి, దాఁచుట యొకటి. మొదటిదానికిఁ గర్త మాఱినను రెండవదానికిఁ గర్త మాఱలేదు. తల్లి పేటికలో శవమును బెట్టినవాఁడు గన్‌సూయే, మఱియొకఁడు గాఁడు. గుండుగాయము లతనిని హత్యనుండి తప్పించినవి. ఆ గాయములను జూచుటకుఁ దల్లి గోరిని మరలఁ ద్రవ్వవలసివచ్చె ననునది రెండవక్రియకు శిక్షవలె నుండును. ఈ కూర్పు మిక్కిలి మెచ్చఁదగినది.

మన నాటకములలో దీనికి సజాతీయ మేదైనఁ గలదా యని యడుగవచ్చును. మృచ్ఛకటికమున నవమాంకమునఁ జారుదత్తుఁడు హత్యాభియుక్తుఁడై న్యాయస్థానమున నిలిచియుండఁగా, విదూషకుఁడగు మైత్రేయుఁడు శకారునితోఁ బెనఁగులాడును. ఆ పెనఁగులాటలో వాని చంకనుండి వసంతసేన యాభరణములు జాఱిపడి, మిత్రునికే ప్రమాణమై చుట్టుకొనును. నవ్వించువాని చేతనే యురి బిగిసినది. భయానకమునకు హాస్య మంగమగుటకు నది ప్రాచీనోదాహరణము. భేద మేమన, చారుదత్తుఁడు నిర్దోషి యని సభలోనివారికిఁ దెలియకున్నను మనకుఁ దెలియును; అందువలన మన భయము కరుణలోఁ గలియును. గన్‌సూ దోషి యని మనకుఁ దెలియును. అయినను వాఁడు చిక్కఁగూడ దని మనము కోరుచుందుము. ఈ కోరిక మనలోఁ బుట్టించుటయే చిత్రము చేసిన చిక్కుపని. శాకుంతలమున షష్ఠాంకప్రవేశకమునఁ జేఁపలు పట్టువానిని గట్టి తెచ్చిన రక్షకభటులు, రాజు వానికి బహుమాన మీయఁగానే వానితో మైత్రి చేసి, వాఁ డిచ్చిన పాలు గ్రహించి, కల్లంగడికి నడచిరి. లంచగొండి యగు రక్షకుఁడు హాస్యపాత్ర మగుట కాళిదాసుని కాలమునకే యుండిన సంప్రదాయము. కొరియాచిత్ర మా ప్రవేశకపాత్రమును దెచ్చి నాయకునిఁ జేసినది. అల్పపాత్రము నాయకుఁ డైనప్పుడు నవ్వు భయముగా మాఱుట యనివార్యము.

ఇంత మెచ్చినవాఁడను దోషములను గూడఁ జెప్పకున్న విమర్శ పక్షపాత మగును. ప్రథమదోషము: ప్రతినాయకుఁడు ప్రవేశించిన తరువాతఁ జిత్రము తన తొలి మార్గమును గొంత విడుచును. మొదటి భాగమున భయకారణము నాయకుని లోపల నుండెను; పిదప వెలుపలి పహిల్వానునియం దుండును. లోపలి భయమునకు నవ్వు సహజముగాఁ దోడగును, వెలుపలి దెబ్బలకుఁ గాదు. ముఖ్యముగా, పేలుడుతోఁ గారు జలాశయమునఁ బడిపోయినను జావని శత్రువు మరల నాయకునింటికి వచ్చి కొట్లాడుట, పూర్వమున సంభావ్యతను గాపాడిన కథకుఁ దగదు. ఆ యింటిలోని పోరాటమున వస్తువు లన్నియు నడ్డుపడుటయు, శత్రువు ప్రాణము తీయునది నాయకుని శౌర్యము గాక యొక ప్రమాదమే యగుటయుఁ దొలిభాగపు రీతిని గొంత స్మరింపఁజేయును. ఆమేరకు దోషము తగ్గును. ప్రతినాయకపాత్రధారి చో జిన్‌ఉంగ్ దీనిని మఱింత తగ్గించెను. వాఁ డెన్నఁడును గొంతెత్తఁడు; కార్యాలయపు పని ముగించుకొని పోవు గుమాస్తావలె హింసించును. నాయకుఁడు తొట్రుపడినకొలఁది వాఁడు నెమ్మదించును. ఒకఁ డాభాసము, ఒకఁడు స్థైర్యము. ఒకనిని విడిచి యొకనిని జూడ వీలులేదు. పురస్కారమును విడఁదీయక యిద్దఱకు నిచ్చినవారు దీనిని గ్రహించి రని నేను దలంతును.

ద్వితీయాక్షేపము నీతివిషయకము, మన యుపాధ్యాయులు దీనినే ముందుగాఁ జెప్పుదురు. తుదకు పోలీసు శాఖ తన పరువు పోవునని సంగతి నంతయుఁ గప్పిపుచ్చును. గన్‌సూకు శిక్ష లేదు, ఉద్యోగము విడుచును. ప్రతినాయకుఁడు దేనికొఱ కింత చేసెనో యా తాళపుచెవి యతని చేతఁ జిక్కును. దానితోఁ దలుపు తెఱచి చూడఁగా నొక గదినిండ ధనము. అచ్చటఁ జిత్రము ముగియును. "రామునివలె వర్తింపవలయు, రావణునివలెఁ గాదు అని బోధింపవలసిన కావ్యము దొంగకు నిధి నిచ్చి ముగియవచ్చునా?" అని ప్రశ్న.

ఈ ప్రశ్నను దోసిపుచ్చరాదు. బాలురకు జూపఁదగిన చిత్ర మిది గా దని నేనును జెప్పుదును. కాని ఫలప్రాప్తి వేఱు, ఫలోపదేశము వేఱు. ధనము చూచిన గన్‌సూ ముఖమున సంతోషము గాదు, నిర్విణ్ణత కనఁబడును. అతఁ డా సొమ్మును దీసికొనెనా లేదా యని చిత్రము చెప్పదు. ఇప్పుడు పేరులోని సందేహమునకు రండు. "అంతము వఱకు" అనునది మర్యాదయా, అభివిధియా? తలుపు తెఱచుకొనిన క్షణమున నతఁ డంతమును జేరలేదు. అంతపు గడపమీఁద నిలిచినాఁడు. లంచమను చిన్నసొరుగునుండి బయలుదేఱినవాఁడు లంచముల కొండయెదుట నిలిచినాఁడు. మొదట సొరుగులోని సొమ్మునకే తల్లి యంత్యక్రియలు చెడినవి. ఈ గదిలోని సొమ్మున కేమి చెడునో ప్రేక్షకుఁడే లెక్కింపవలయును. ఇది మర్యాదయే, అభివిధి గాదు. అంతము వెలుపల నున్నది. ఈ తుది నీతిరహిత మనుట తొందరపాటు. అయితే నీ సూక్ష్మత ప్రేక్షకులలో నెందఱకు నందును, ఎందఱు "మంచి యదృష్టము!" అని లేచిపోదురు అను శంక నన్ను విడువలేదు. కృతికర్త యిచ్చట నొక యడుగు స్పష్టముగా వేసియుండిన బాగుండు నని నా యభిప్రాయము.

ఈ కథను బిదప నన్యదేశములవారు తమ భాషలలోఁ జేసికొనిరి: 2017లోఁ జీనావారు, 2021లో ఫిలిప్పీనులవారు, 2022లో ఫ్రెంచివారు, 2023లో జపానువారు. ఇన్ని దేశములు దీనిని గైకొనుటకుఁ గారణము పోలీసుల లంచగొండితనము సర్వత్ర యుండుటయే యని కొందఱందురు. అంతమాత్రమే గాదు. తల్లిచావు, అపరాధభయము, అనౌచిత్యముననుండి పుట్టు నవ్వు, ఇవి యొక దేశపు సొత్తులు గావు. దేశభేదము విభావములకే కాని స్థాయిభావములకుఁ గాదు.

కావున మన పండితులకును, పాఠశాలోపాధ్యాయులకును నా విన్నప మిది. అలంకారశాస్త్రమును సంస్కృతనాటకముల నుదాహరణములతోనే ముగించినచో విద్యార్థులకు నది గడచినకాలపు న్యాయస్థానమువలెఁ దోఁచును. అచ్చటి చట్టము నేఁటి వ్యవహారమునకుఁ జెల్ల దని వారు తలంతురు. పెద్దవిద్యార్థులకు రసాభాసము చెప్పునప్పుడు, రసవిరోధము చెప్పునప్పుడు, ఇట్టి నూతనలక్ష్యములనుగూడఁ జర్చింపుఁడు. శాస్త్రము నిలుచునో, చిత్రము నిలుచునో, ఆ చర్చలోనే తేలును. నా పరీక్షలో రెండును నిలిచినవి: చిత్రము రెండు దోషములతో, శాస్త్ర మొక్క వివరణముతో. ఈ నిర్ణయమునందుఁ బొరపాటు గనఁబడినవారు సహేతుకముగా ఖండింతురేని దానిని జదువుటకు వేచియుందును.